రన్నింగ్ రూమ్ లేని డ్యూటీ

రైలు నడిపేవాళ్లకు డ్యూటీ దిగాక పడుకోవడానికి ఓ గది ఉంటుంది. మరుపు ముసిరిన మనిషిని ఇరవై నాలుగు గంటలూ కాచే ఇల్లాలికి..? కొత్త కొత్త పరికరాలు ఆ గదిని ఇంటికి తెచ్చిపెట్టగలవా? రైళ్ల ఊరు గుంతకల్లు నుంచి ఓ పరిశీలన.

గుంతకల్లుకు రాత్రి లేదు.

పది దాటితే అంగళ్లు మూస్తారు. వీధుల్లో కుక్కలు తప్ప మనుషులు కనిపించరు. స్టేషన్ మాత్రం కన్ను మూయదు. గుత్తి మీదుగా చెన్నై వైపు ఒక దారి. ఆదోని, రాయచూరు మీదుగా ముంబయికి ఇంకొకటి. ధర్మవరం మీదుగా బెంగళూరుకు, బళ్లారి మీదుగా హుబ్బళ్లికి, డోన్, నంద్యాల మీదుగా గుంటూరుకు... దిక్కుకో దారి. ఏ అర్ధరాత్రి మెలకువ వచ్చినా ఎక్కడో ఓ బండి కూత వినిపిస్తుంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు నిద్ర పట్టదు. ఊరివాళ్లకు ఆ కూత లేకపోతే నిద్ర పట్టదు.

అయితే, ఆ కూతే కొన్ని ఇళ్లలో నిద్ర లేకుండా చేస్తుంది.

రైల్వే కాలనీకి ఆనుకుని ఉన్న ఓ వీధిలో అలాంటి ఇంటిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు. ఈ ఊళ్లో ఎవరి ఇల్లయినా కావచ్చు. పెద్దాయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆమెకు డెబ్భై. కొడుకు బెంగళూరులో, కూతురు ఆదోనిలో. రాత్రి రెండున్నరకు ఎక్కడో కూత. పెద్దాయన లేచి కూర్చున్నాడు. చొక్కా తొడుక్కున్నాడు. మంచం కింద వెదుకుతున్నాడు.

‘‘పెట్టె యాడ పెట్నావ్?’’

‘‘ఏం పెట్టె?’’

‘‘లైన్ పెట్టె. కాల్ వచ్చింది. గూడ్సుకు పోవల్ల.’’

‘‘ఇప్పుడు యాడి గూడ్సు! మీరు రిటైరయ్యి పద్దెనిమిదేండ్లాయె. పండుకోండి.’’

ఆయన పడుకుంటాడు. గంటకు మళ్లీ లేస్తాడు. మళ్లీ అదే పెట్టె, అదే మాట. ఆమె తలుపు దగ్గరే చాప పరుచుకుంది. ఆయన గడప దాటాలంటే తనను దాటి వెళ్లాలని. ఇలా ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ఆ ఇంట్లో జబ్బు ఆయనది. నిద్ర లేనిది ఆమెకు.

తలుపు తట్టే ఊరు

ఆ పెద్దాయన పిచ్చిగా మాట్లాడుతున్నాడనుకుంటే పొరపాటే. ఆయన మాటల వెనక ఈ ఊరి చరిత్ర ఉంది. ఇంటింటికీ ఫోన్లు లేని రోజుల్లో రైల్వే క్వార్టర్స్‌కు ‘కాల్‌బాయ్’ వచ్చేవాడు. పుస్తకం చంకన పెట్టుకుని ఏ వేళలోనైనా తలుపు తట్టేవాడు. ఫలానా బండికి ఫలానా టైముకు డ్యూటీ అని చెప్పి, సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, విజిల్, ప్రమాదం జరిగితే పట్టాల మీద పెట్టే డిటోనేటర్లు... ఇవన్నీ ఉన్న పెట్టెతో గార్డు బయల్దేరేవాడు. 2022 నుంచి గార్డును ‘ట్రైన్ మేనేజర్’ అంటున్నారు. కానీ ముప్ఫై ఏళ్లు అర్ధరాత్రి తలుపు చప్పుడుకు లేచిన ఒంటికి పేరు మారిన సంగతి తెలియదు. మెదడులో నిన్నటి సంగతి చెరిగిపోయినా నలభై ఏళ్ల కిందటి డ్యూటీ చెరగదు. డిమెన్షియా తీరే అంత. ముందు కొత్తవి పోతాయి. పాతవి చాలాకాలం నిలుస్తాయి.

మద్రాసు నుంచి వచ్చిన పట్టాలూ, బొంబాయి నుంచి వచ్చిన పట్టాలూ 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలో పెరిగిన ఊరు గుంతకల్లు. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్, మీటర్‌గేజ్ రెండూ ఉన్న జంక్షన్. 1956లో దక్షిణ రైల్వేలో డివిజన్ కేంద్రమయ్యింది. 1977లో ఆ డివిజన్ దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. డ్రైవర్లు, గార్డులు, ఫిట్టర్లు, క్లర్కులు నాలుగు దిక్కుల నుంచీ వచ్చి స్థిరపడ్డారు. తెలుగు, కన్నడం, ఉర్దూ, తమిళం ఒకే వీధిలో వినిపిస్తాయి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దగ్గర మాత్రం అందరిదీ ఒకే భాష.

స్టేషన్ దాటితే మరో గుంతకల్లు. ఐదు కిలోమీటర్ల దూరంలో కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి. అవతలికెళ్తే వజ్రకరూరు వైపు ఎర్రనేలలు, నల్లనేలలు. తొలకరి పడితే చాలు, ఒక్క రాయి దొరక్కపోతుందా అని జనం తల వంచుకుని చేలల్లో వజ్రాలు వెదుకుతారు. ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమ ఇది. వేరుశనగ నమ్ముకుంటే అప్పులే మిగిలిన ఏళ్లు ఎన్నో. అందుకే కుర్రాళ్లు బండెక్కుతారు. చదువుకున్నవాళ్లు బెంగళూరు ఆఫీసులకు, చదువుకోనివాళ్లు బెంగళూరు కట్టడాలకు. పిల్లల్ని తీసుకెళ్లే రైళ్లకు ఇక్కడ కొదవ లేదు. ఇంట్లో మిగిలేది ఇద్దరు. వాళ్లలో ఒకరికి మరుపు వస్తే రెండోవాళ్లే డాక్టరు, నర్సు, కాపలాదారు... అన్నీ.

చాదస్తం కాదు

మన ఊళ్లలో ఈ జబ్బుకు పేరు లేదు. ‘వయసైపోయింది’, ‘చాదస్తం’, ‘మతిమరుపు’... ఇవే మాటలు. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోతే అది మతిమరుపు. కళ్లజోడు ఎందుకో మర్చిపోతే అది డిమెన్షియా. మెదడు కణాలు దెబ్బతిని జ్ఞాపకం, మాట, దారి, లెక్క, చివరికి స్నానం, భోజనం కూడా చేజారే స్థితి. ఇందులో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. జర్మనీ వైద్యుడు అలాయిస్ అల్జీమర్ 1906లో దాన్ని తొలిసారి వైద్యుల ముందు పెట్టాడు.

మనదేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఆస్పత్రులు, డాక్టర్లు తక్కువున్న చోటే జబ్బు ఎక్కువన్నమాట.

పూర్తిగా నయంచేసే మందు ఇంకా లేదు. తొలిదశలో ఉన్నవాళ్లకు జబ్బు వేగాన్ని కొంత తగ్గించే మందులు అమెరికాలో 2023 నుంచి అనుమతి పొందాయి. వాటికి ఖర్చు, పరీక్షలు, జాగ్రత్తలు చాలా ఎక్కువ. కాబట్టి ఇవాళ్టికి అసలు వైద్యం ఇంట్లో జరిగే సేవే. అయితే ముందు ఒక్కసారి డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, దిగులు జబ్బు, తలలో గడ్డకట్టిన రక్తం... ఇవి కూడా మరుపులాగే కనిపిస్తాయి. వాటికి చికిత్స ఉంది. చాదస్తమని వదిలేస్తే నయమయ్యేది కూడా నయం కాదు.

కొద్ది నిమిషాల కునుకు

తలుపు దగ్గర చాప పరుచుకున్న ఇల్లాలు గుంతకల్లులోనే కాదు, జపాన్‌లోనూ ఉంది.

ఆయిచి రాష్ట్రంలో ఓబు అనే పట్టణం. 2007 డిసెంబరు. 91 ఏళ్ల పెద్దాయనకు డిమెన్షియా. కాచేది 85 ఏళ్ల భార్య. కోడలు కూడా సాయానికి దగ్గర్లోకి వచ్చి ఉంటోంది. తలుపు తీస్తే మోగే సెన్సర్ కూడా ఆ ఇంట్లో ఉంది. ఆ సాయంత్రం కోడలు బయట పనిలో ఉంది. భార్యకు కొద్ది నిమిషాలు కునుకు పట్టింది. పెద్దాయన వెళ్లిన తలుపు దగ్గరి సెన్సర్ ఆఫ్‌లో ఉంది. ఆయన పక్క స్టేషన్ దగ్గర పట్టాలపైకి వెళ్లి రైలు కింద పడి చనిపోయాడు.

కథ అక్కడితో ఆగలేదు. బండ్లు ఆలస్యమై నష్టం వచ్చిందని రైల్వే కంపెనీ ఆ కుటుంబంపైనే దావా వేసింది. 2013లో కింది కోర్టు భార్య, పెద్దకొడుకు కలిసి దాదాపు 72 లక్షల యెన్‌లు కట్టాలంది. 2014లో హైకోర్టు అందులో సగం భార్య కట్టాలంది. జపాన్ అంతటా పెద్ద చర్చ. కునుకు తీయడం నేరమా? ఎనభై అయిదేళ్ల మనిషి ఇరవై నాలుగు గంటలూ రెప్ప వాల్చకుండా ఉండగలదా? చివరికి 2016 మార్చిలో ఆ దేశ సుప్రీంకోర్టు కుటుంబం ఏమీ కట్టనక్కర్లేదని తీర్పు చెప్పింది. ఆ తర్వాత, ఇలాంటి ప్రమాదాల భారం కుటుంబాల మీద పడకుండా కొన్ని నగరాలు బీమా ఏర్పాట్లు చేశాయి. కోబే నగరం 2019లో మొదలుపెట్టింది.

ఈ ఒక్క ఘటనలో మూడు పాఠాలున్నాయి. పరికరం ఉంటే చాలదు, అది పనిచేస్తూ ఉండాలి. మోగితే చాలదు, లేచేవాళ్లు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం... ఏ మనిషీ ఒంటరిగా ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేయలేదు.

ఈ మూడో సంగతి రైల్వేకు బాగా తెలుసు. ఇంజిన్‌లో పైలట్ ఓ నిమిషం పాటు ఏ మీటనూ ముట్టుకోకపోతే ముందు దీపం వెలుగుతుంది. తర్వాత బజర్ మోగుతుంది. అప్పటికీ పలకకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. మనిషికి కునుకు పడుతుందని ఒప్పుకుని చేసిన ఏర్పాటు అది. డ్యూటీ దిగాక ఇన్ని గంటలు విశ్రాంతి ఇవ్వాలని రూలు కూడా ఉంది. బయటి ఊరి నుంచి బండి తెచ్చినవాళ్లు పడుకోవడానికి రన్నింగ్ రూమ్ ఉంటుంది. మంచం, భోజనం, నిశ్శబ్దం.

ఇంట్లో డ్యూటీకి రూలు లేదు. రన్నింగ్ రూమ్ అంతకంటే లేదు.

ఇంటికో సిగ్నల్

ఇక్కడే చిన్న చిన్న పరికరాలు పనికొస్తాయి. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. దేన్నయినా కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే... ఇది కాచేవాళ్లకు కాసేపు కళ్లు మూసుకునే ధైర్యం ఇస్తుందా, లేదా?

తలుపుతో మొదలుపెడదాం. రెండు చిన్న ముక్కలు, ఒకదాంట్లో అయస్కాంతం. ఒకటి తలుపుకు, ఒకటి చట్రానికి. తలుపు తెరుచుకుంటే రెండూ విడిపోయి అలారం మోగుతుంది. బ్యాటరీతో పనిచేసే ఈ అలారాలు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. పెద్దాయన గడప దాటితే మోగుతుందన్న నమ్మకం ఉంటే ఆమె చాప మీద నుంచి మంచం మీదికి వెళ్లొచ్చు. కొళాయి నీళ్లొచ్చిన వేళ బిందెతో వీధిలోకెళ్లినా ప్రాణం ఇంట్లో ఉండదు. ఆ కాసేపటికీ ఇది కావలి. కొందరి ఇళ్లలో తలుపుకు మువ్వలు కట్టడం చూస్తాం. పనిచేసే సూత్రం అదే. మేకకు గంట కట్టిన సీమవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా!

మోత పెద్దగా ఉంటే పెద్దాయన బెదిరిపోతాడు. అందుకే గంట ఆయన తలుపు దగ్గర కాకుండా ఆమె పడుకునే గదిలో మోగే రకమైతే మేలు. బ్యాటరీ మార్చే రోజు క్యాలెండర్‌లో రాసుకోవాలి. ఓబు పాఠం మర్చిపోకూడదు.

రెండోది వెలుతురు. రాత్రి మంచం దిగగానే వెలిగే సెన్సర్ దీపం. మంచం నుంచి బాత్రూం దాకా రెండు చోట్ల పెడితే చాలు. చీకట్లో తడబడి తుంటి విరగడం ఈ వయసులో మరో జబ్బంత పని. పొద్దువాలే వేళ చాలామందిలో కంగారు పెరుగుతుంది. సాయంత్రం కాకముందే ఇంట్లో దీపాలు వేస్తే కొందరికి అది తగ్గుతుంది. కరెంటు పోయే ఊళ్లలో దీపానికీ, ఫోన్ ఛార్జింగ్‌కీ చిన్న ఇన్వర్టర్ ఉంటే మంచిది.

మూడోది పొయ్యి. పాలు పెట్టి మర్చిపోవడం, గ్యాస్ తిప్పి వెలిగించకపోవడం. కావాల్సిన సమయం పెట్టుకుంటే దానంతటదే ఆగిపోయే ఇండక్షన్ పొయ్యిలున్నాయి. అంతకంటే తేలికైన పని, వంట కాగానే సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయడం. దీనికి పైసా ఖర్చు లేదు.

నాలుగోది జాడ. చేతికి కట్టే వాచీలోనో, మెడలో వేసే బిళ్లలోనో జీపీఎస్ ఉంటుంది. మనిషి ఎక్కడున్నాడో కొడుకు ఫోన్లో కనిపిస్తుంది. కాకపోతే దానికి సిమ్ కావాలి, సిగ్నల్ కావాలి, తరచూ ఛార్జింగ్ పెట్టాలి. పెద్దాయన తీసి పక్కన పడేస్తే అది మంచం కిందే ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే పాత పద్ధతిని వదలకూడదు. చొక్కా లోపలివైపు కుట్టిన గుడ్డ ముక్క మీద ఫోన్ నంబరు. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు. జపాన్‌లో ఇరుమా నగరం 2016లో గోటికి అంటించే చిన్న క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు ఇచ్చింది. సూత్రం అదే, గుడ్డ ముక్క బదులు గోరు.

గుంతకల్లులాంటి ఊళ్లో ఇది మరీ అవసరం. తప్పిపోయిన మనిషి వేరే ఊళ్లలో వీధి చివర దొరుకుతాడు. ఇక్కడ ఎదురుగా ఉన్న బండెక్కితే తెల్లారేసరికి మరో రాష్ట్రంలో ఉంటాడు. కనిపించకపోతే గంటలకొద్దీ సొంతంగా వెదకకుండా వెంటనే 112కు, స్టేషన్ వైపు వెళ్లాడన్న అనుమానముంటే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పాలి. ఈమధ్య తీసిన ఫొటో ఒకటి ఫోన్లో సిద్ధంగా ఉండాలి.

ఇక కెమెరా. బెంగళూరులో ఉన్న కొడుకు ముందు కొనేది ఇదే. ‘‘అమ్మా, నాయన పండుకున్నాడా?’’ అని అడిగే బదులు ఫోన్లో చూసుకోవచ్చు. మంచిదే. అయితే కెమెరా కొడుకు ఆందోళన తగ్గిస్తుందేగానీ తల్లి పని తగ్గించదు. పైగా ‘ఇంతసేపు ఆయన్ను ఒక్కణ్ని వదిలి ఎక్కడికెళ్లావ్’ అన్న ప్రశ్న మొదలైతే కాచేవాళ్ల మీదే కావలి పెట్టినట్టవుతుంది. స్నానాల గదిలో, బట్టలు మార్చుకునే చోట పెట్టకూడదు. ఆయనకు తెలిసే దశలో ఉంటే చెప్పి పెట్టాలి. మరుపు వచ్చిన మనిషికి కూడా మర్యాద ఉంది.

గొంతు ఎవరిది?

‘మాత్ర వేసుకోండి’ అని వేళకు చెప్పే యంత్రాలు చాలానే వచ్చాయి. కానీ గోడ మీద నుంచి ముక్కూ మొహం తెలియని గొంతు మాట్లాడితే మరుపున్న మనిషి ఏమనుకుంటాడు? ఇంట్లో ఎవరో దూరారనుకుంటాడు. కొందరికి జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన భాషలు జారిపోయి చిన్ననాటి భాష మిగులుతుంది. తమిళం మాట్లాడే ఇంట్లో పుట్టి, నలభై ఏళ్లు గుంతకల్లులో తెలుగు మాట్లాడిన డ్రైవరు చివర్లో మళ్లీ తమిళంలోకి వెళ్లొచ్చు.

దీనికి తేలిక దారి ఉంది. మామూలు స్మార్ట్‌ఫోన్లో కూతురి గొంతు రికార్డు చేసి అలారంగా పెట్టొచ్చు. ‘‘నాయనా, నేను. సంగటి తిన్యావా? మాత్ర ఏసుకో...’’ ఆ గొంతుకు ఆయన పలుకుతాడు. తేదీ, వారం, ‘పగలు’, ‘రాత్రి’ అని పెద్ద అక్షరాల్లో చూపించే గడియారం, నంబర్ల బదులు ఫొటోలున్న ఫోన్, పాత పాటలు వేసిన పెన్‌డ్రైవ్... ఇవన్నీ ఆ కోవలోవే. పాట మొదలైతే మాట మర్చిపోయినవాళ్లు కూడా పల్లవి అందుకోవడం చాలా ఇళ్లలో చూసేదే. ఆ పావుగంటలో ఆమె స్నానం చేసి రావచ్చు.

భాషల సంగతి వచ్చింది కాబట్టి ఈ ఊరివాళ్లకు ఓ తీపి కబురు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. భాషలు వస్తే జబ్బు రాదని కాదు. కానీ వీధిలో మూడు భాషలు మాట్లాడుకునే గుంతకల్లువాళ్లు అది చూసి కాస్త మురిసిపోవచ్చు.

గోవా దారి

మరి పరికరాలన్నీ పెట్టేస్తే సరిపోతుందా? బ్రిటన్‌లో దీన్ని గట్టిగానే పరీక్షించారు. డిమెన్షియాతో ఇంట్లో ఉంటున్న 495 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు అవసరాన్ని బట్టి పూర్తిస్థాయి పరికరాలు, దూరం నుంచి గమనించే ఏర్పాట్లు. రెండో జట్టుకు పొగ అలారంలాంటి కనీస సామగ్రి. 2021 నాటికి వచ్చిన ఫలితం చాలామందిని నిరాశపరిచింది. ఎక్కువ పరికరాలు ఉన్నంత మాత్రాన మనిషి ఎక్కువకాలం సొంతింట్లో ఉండగలగడం లేదు. కాచేవాళ్ల భారం, దిగులు కూడా చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

రెండో సమాధానం మనకు దగ్గర్లోనే ఉంది. గుంతకల్లు నుంచి పడమరకు వెళ్లే పట్టాలు బళ్లారి, హొసపేట, హుబ్బళ్లి దాటి గోవా దాకా పోతాయి. ఆ గోవాలో 81 కుటుంబాలతో చేసిన ఓ ప్రయోగం ఫలితాలు 2008లో వచ్చాయి. అక్కడ యంత్రాలు లేవు. పెద్ద చదువులు లేని స్థానికులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. జబ్బేంటో చెప్పడం, కోపం వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలో చూపడం, ఇంట్లోవాళ్లు పని పంచుకునేలా చూడటం, ఓపిగ్గా వినడం. వెనకాల సలహాకు మానసిక వైద్యులు. అంతే. కాచేవాళ్ల మనసు కుదుటపడింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. యంత్రం కబురు మాత్రమే చెప్పగలదు. పని చేయాల్సింది మనిషే. రైల్వేలో సిగ్నల్ కూడా బండిని నడపదు కదా!

అలాగని ఇంట్లో ఉన్న ఫోన్‌ను తీసిపారేయనక్కర్లేదు. మనుషుల్ని దగ్గరకు చేర్చే పనిలో అది పెద్ద సాయం. అన్న బెంగళూరులో, అక్క ఆదోనిలో ఉన్నా వాట్సాప్ గ్రూపులో వారం పంచుకోవచ్చు. రోజూ సాయంత్రం ఏడింటికి కొడుకు వీడియో కాల్ చేసి అరగంట నాయనతో మాట్లాడితే ఆ అరగంట అమ్మది. మాత్రలు తెప్పించడం, బిల్లులు కట్టడం, డాక్టరు టైము తీసుకోవడం దూరం నుంచే చేయొచ్చు. ప్రతిసారీ కర్నూలుకో, బెంగళూరు నిమ్హాన్స్‌కో తీసుకెళ్లకుండా కొన్నిసార్లు ఫోన్లోనే డాక్టరు సలహా పొందొచ్చు. ప్రభుత్వ టెలిమెడిసిన్ ‘ఈ-సంజీవని’ ఉంది. మనసు బరువెక్కినప్పుడు మాట్లాడటానికి 2022లో మొదలైన ‘టెలి మానస్’ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు. వృద్ధుల సమస్యలకు ‘ఎల్డర్‌లైన్’ 14567. కాచేవాళ్ల కోసమే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘ఐసపోర్ట్’ అనే శిక్షణ పాఠాలు తయారుచేసింది. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది.

సాయంత్రం బండి

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఓ వృద్ధాశ్రమం ముందు బస్టాపు ఉంది. బోర్డు, బెంచీ అన్నీ ఉంటాయి. బస్సు మాత్రం రాదు. డిమెన్షియా ఉన్నవాళ్లు ‘ఇంటికి పోవాలి’ అని బయల్దేరినప్పుడు నేరుగా బస్టాపుకే వెళ్తున్నారని గమనించి, అక్కడివాళ్లు పెట్టిన ఉత్తుత్తి బస్టాపు అది. మనిషి వచ్చి కూర్చుంటాడు. కాసేపటికి ఎందుకొచ్చాడో మర్చిపోతాడు. ఎవరో వచ్చి ‘కాఫీ తాగుదాం రండి’ అని లోపలికి తీసుకెళ్తారు. అందులో మోసం ఉందనేవాళ్లూ ఉన్నారు. కానీ తాళం వేయడం కంటే, అరవడం కంటే అది నయమని దాన్ని మెచ్చుకున్నవాళ్లు చాలామంది.

గుంతకల్లుకు ఉత్తుత్తి స్టేషన్ అక్కర్లేదు. అసలు స్టేషనే ఉంది. అందులో ప్లాట్‌ఫారాలున్నాయి, బెంచీలున్నాయి. వాటితోపాటు ఊరినిండా రిటైరైన డ్రైవర్లు, గార్డులు, టీసీలు ఉన్నారు.

మళ్లీ ఆ వీధిలో ఇంటికే వద్దాం. తలుపుకు అయస్కాంతం అలారం పెట్టారు. మంచం పక్కన సెన్సర్ దీపం వెలుగుతోంది. చొక్కాకు నంబరు కుట్టారు. పక్కింటివాళ్లకు విషయం దాచకుండా చెప్పారు. ‘‘ఆయన ఒక్కడే కనిపిస్తే కొంచెం పిలవండి’’ అని మూలనున్న అంగడివాడికీ చెప్పారు. అన్నిటికంటే కష్టమైన పని అదే. నలుగురికీ తెలిస్తే నామోషీ అనుకునే ఇళ్లే ఎక్కువ. కానీ నలుగురికీ తెలియని ఇంట్లో అలారం మోగినా వచ్చేది ఆమె ఒక్కతే.

సాయంత్రం ఐదయ్యేసరికి ఓ పాత డ్రైవరు వస్తాడు.

‘‘ఏం గార్డుసార్, పోదామా? లైన్ క్లియర్ వచ్చింది.’’

పెద్దాయన చొక్కా సరిచేసుకుంటాడు. చిన్న సంచీ ఒకటి చేతికిస్తారు. అందులో పాత విజిల్, మంచినీళ్ల సీసా. ఇద్దరూ ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని పట్టాలకు దూరంగా వెనక బెంచీ మీద కూర్చుంటారు. ఓ గూడ్సు నిదానంగా వెళ్తుంది. పెద్దాయన పెట్టెలు లెక్కపెడతాడు. మధ్యలో లెక్క తప్పుతాడు. పక్కాయన సరిదిద్దడు. చివరి పెట్టె వెళ్లిపోయాక పెద్దాయన చేయి దానంతటదే పైకి లేస్తుంది. అంతా సరిగ్గా ఉందని పచ్చజెండా ఊపినట్టు.

ఇంట్లో ఆమె ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంది. ఏదైనా ఉంటే మోగుతుంది. తలుపు దగ్గర చాప చుట్టేసి ఉంది. ఏడింటిదాకా రెండు గంటలు.

ఆమె రన్నింగ్ రూమ్ అదే.